కాలిపోయినా ఆగని పని

చేసే పనిలో విజయం ఇవ్వమని మనమంతా దేవుణ్ణి అడుగుతాం. ఆ విజయం చేజారితే మాత్రం పని మీద, ఒక్కోసారి దేవుని మీద కూడా మనకు విసుగు పుడుతుంది. అలాంటి వేళ మనం తలచుకోవలసిన దైవజనుడు విలియం కేరీ.

ఇంగ్లండులోని ఒక పల్లెలో 1761లో పుట్టిన కేరీ చిన్న వయసులోనే చెప్పులు కుట్టే పనిలో చేరారు. పెద్ద చదువులు లేవు. ఆ పని చేసుకుంటూనే లాటిన్, గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చుకున్నారు. 1793లో భార్యాబిడ్డలతో బెంగాల్ చేరి, కుటుంబ పోషణ కోసం నీలిమందు కర్మాగారంలో ఉద్యోగం చేశారు. మరుసటి ఏడే చిన్నారి కొడుకు పీటర్ చనిపోయాడు. భార్య డొరొతీకి మతి చలించింది. ఏడేళ్లు శ్రమించాక, 1800 డిసెంబరులో కృష్ణపాల్ బాప్తిస్మం పొందాడు. ఆ సేవలో తొలి ఫలం అతడే. ఆ ఏడేళ్లూ వృథా అని మనమైతే అనుకునేవాళ్లమేమో! కేరీ మాత్రం ఆ కాలంలోనే బెంగాలీ కొత్త నిబంధన అనువాదాన్ని సాగించారు. అది 1801లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది.

అసలు పరీక్ష 1812లో ఎదురైంది. మార్చి 11 సాయంత్రం శ్రీరాంపూర్ ముద్రణాలయానికి నిప్పంటుకుంది. కేరీ అప్పుడు కలకత్తాలో ఉన్నారు. మర్నాడు సహచరుడు మార్ష్‌మన్ వెళ్లి ఆ కబురు చెప్పారు. అనువాదాల రాతప్రతులు, ఏళ్ల తరబడి కూర్చిన బహుభాషా నిఘంటువు, ఆయన రాసిన తెలుగు వ్యాకరణం బూడిదయ్యాయి. కేరీ కన్నీళ్లు పెట్టుకున్నారు. అయినా దేవుని మీద సణగలేదు. ఆ ఆదివారం 46వ కీర్తన 10వ వచనం మీదే ప్రసంగించారు. మన శ్రమ మీద దేవునికే హక్కుందని, ఆయన చిత్తానికి ఊరకుండి తలవంచాలని బోధించారు.

అయితే ఊరకుండడమంటే చేతులు ముడుచుకోవడం కాదు. కరిగిన సీసాన్ని మళ్లీ పోతపోసి అక్షరాలు తయారుచేశారు. కేరీ మళ్లీ మొదటి పుట నుంచి రాయడానికి కూర్చున్నారు. 1814లో తెలుగు వ్యాకరణం, 1818లో తెలుగు కొత్త నిబంధన వెలువడ్డాయి. బూడిదలోంచి మన భాషకు దక్కిన కానుకలవి. ఆ మహా నిఘంటువు మాత్రం మళ్లీ వెలుగు చూడలేదు. ఆయన అనువాదాలను తరువాతివారు ఎన్నో చోట్ల సరిదిద్దవలసి వచ్చింది. అయినా 1834లో కన్నుమూసేదాకా ఆయన పని మానలేదు.

ఆ బలం ఫలితాల నుంచి వచ్చింది కాదు, యజమాని నుంచి వచ్చింది. ఏ పనైనా మనుషుల కోసమని కాక ప్రభువు కోసమని మనస్ఫూర్తిగా చేయాలని కొలొస్సయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయంలో పౌలు బోధించాడు. పౌలు ఆ మాట రాసింది దాసులకు. జీతం, మెప్పు రెండూ ఆశించలేని వారికి! తన గురించి ఎవరైనా రాస్తే, పట్టు విడవకుండా మెల్లగా నడిచినవాడని రాస్తే చాలని కేరీ అన్నారట.

పండిన పంట వానకు పోవచ్చు, మన కష్టానికి మరొకరికి పేరు రావచ్చు. పని ఫలం మన చేతుల్లో ఉండదు. కానీ ఆ పనిని ఎవరి కోసం చేశామన్నది మాత్రం ఏ నిప్పూ కాల్చలేదు. ఆ నమ్మకంతో మనమూ మళ్లీ మొదటి పుట తెరుద్దాం.