ఎలిజే రెక్లూ చరిత్రము

భూగోళశాస్త్ర మనగా పర్వతముల యెత్తులును, నదుల పొడవులును వల్లెవేయుట యని మనలో పెక్కుర తలంపు. నేల యెవరి చేతిలో నున్నది, నగరము లేల పెరుగుచున్నవి యని యా శాస్త్రమువలననే విచారించిన పండితుడు ఫ్రాంసు దేశీయుడైన ఎలిజే రెక్లూ.

ఈయన 1830 మార్చి 15 వ తేదీన సాంత్-ఫ్వా-లా-గ్రాంద్ అను పట్టణమున నొక క్రైస్తవ మతబోధకుని యింట జన్మించెను. కుమారుడును బోధకుడు కావలెనని తండ్రి కోరెను గాని, యాతని మనస్సు వేఱు మార్గము పట్టెను. 1851 లో బెర్లిను నగరమున కార్ల్ రిట్టరు నొద్ద భూగోళము నభ్యసించెను. ఆ యేడు చివర లూయీ నెపోలియను ప్రభుత్వము నపహరింపగా, దాని నెదిరించి యన్న యెలీతో గూడ దేశము విడిచెను. అమెరికాలోని లూసియానాలో నొక చెఱకుతోట యజమాని బిడ్డలకు చదువు చెప్పుచుండి, మనుష్యులను బానిసలుగా నుంచిన యింటి కూడు సయింపక వెడలిపోయెను. పిమ్మట నేటి కొలంబియాలో సియెరా నెవాడా కొండలయందు సేద్యపు వలస నొకటి నెలకొల్ప బూనెను. జ్వరములు పైకొనెను, పంట చేతికి రాలేదు, 1857 లో వట్టిచేతులతో స్వదేశము చేరెను. సేద్యమునకు సదుద్దేశ మొక్కటే చాలదని మన రైతు లెఱుగనిది కాదు.

1871 లో పారిసు ప్రజలు కమ్యూనును స్థాపింపగా, నప్పటికే గ్రంథకర్తగా పేరుగాంచిన రెక్లూ సామాన్య సైనికుడై నిలిచి, యేప్రిలు మాసమున బట్టువడెను. చెఱసాలలో తోడి ఖైదీలకు పాఠములు చెప్పెను. దూరద్వీపమునకు బంపవలసినదని శిక్ష విధింపబడగా, డార్విను మొదలగు శాస్త్రజ్ఞులు విన్నపము పంపిరి. 1872 లో నది పదియేండ్ల దేశబహిష్కారముగా మాఱెను. 1879 లో క్షమాపణ లభించినను, తోడివారి కందఱకు లభింపనిదే తాను గ్రహింపననెను. రాజాశ్రయము నొల్లని పోతన వంశమున బుట్టిన వానివలె గదా యీ నడవడి!

1876 మొదలు 1894 వఱకు, చాలభాగము స్విట్జర్లాండులో నుండి, 19 సంపుటముల విశ్వభూగోళమును రచించెను. 1883 నాటి సంపుటమున మన దేశమును వర్ణితమైనది. 1895 లో నగరముల వృద్ధినిగూర్చి వ్రాసిన వ్యాసము విశేషించి చదువదగినది. పూర్వము పట్టణములు బాటసారి యొక దినపు నడకకు దగిన మజిలీలుగా నేర్పడెననియు, రైలుమార్గము లా వరుసను చెదరగొట్టెననియు, నేల చేజాఱిన పల్లెజనులు నగరముల పాలగుచున్నారనియు నందు నిరూపించెను. మన పాత బాటల సత్రముల యెడమును గొలిచి చూచిన నీ మాట సులభముగా బోధపడును. 1900 లో, లోకమునకు దూరముగా నాదర్శగ్రామములు కట్టుకొని తలుపులు మూసికొనుట తగదనియు, జనులనడుమనే పాటుపడవలెననియు వ్రాసెను. కొలంబియా కొండలలో దెబ్బతిన్నవాని మాట గనుక దానికి బరువున్నది.

బ్రస్సెల్సు విశ్వవిద్యాలయ మాయన నాహ్వానించియు, 1894 లో నరాజకవాది యను భయముచే నుపన్యాసముల నాపివేసెను. విద్యార్థు లూరకుండలేదు. ఆ యేడే నూతన విశ్వవిద్యాలయము వెలసెను. రెక్లూ యందు బోధించెను. లక్షకు ఒకటి వంతున దాదాపు 127 మీటర్ల వ్యాసముగల భూగోళమును పారిసులో నిలుపవలెనన్న యాయన సంకల్పము మాత్రము ధనములేక కాగితముపైననే నిలిచిపోయెను.

1905 జూలై 4 వ తేదీన బెల్జియములోని తోర్హౌటులో నాయన మరణించెను. బ్రస్సెల్సు చెంతనున్న ఇక్సెల్ శ్మశానమున నన్న యెలీ సరసనే యుంచిరి. మనుష్యుడును భూమియు నను కడపటి గ్రంథము ఆరు సంపుటములును 1908 నాటికి వెలువడెను.