బాయిలో దీపం, చేలో పొటాష్ – సర్ హంఫ్రీ డేవీ

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని మన సంఘం పెద్దలు కోరగానే నాకు సర్ హంఫ్రీ డేవీ గుర్తుకు వచ్చారు. బాయిలో దిగిన మనందరికీ ఆయన సేఫ్టీ ల్యాంపు ద్వారా పరిచయం. సెంటినరీ కాలనీ చుట్టుపక్కల ఊళ్లలో వరి, పత్తి వేసే మన బంధువులు చల్లే పొటాష్‌కూ ఆయనతో సంబంధం ఉందని చాలామందికి తెలియదు.

డేవీ 17-12-1778న ఇంగ్లండులోని పెంజాన్స్ పట్టణంలో జన్మించారు. తండ్రి కొయ్యపై నగిషీలు చెక్కేవారు. చిన్న వయసులోనే తండ్రి పోవడంతో డేవీ ఒక వైద్యుని వద్ద పనికి కుదిరారు. రసాయన శాస్త్రం సొంతంగా నేర్చుకొని, 1801లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో చేరారు.

ఆ రోజుల్లో కట్టెల బూడిదను నీళ్లలో కలిపి, ఆ తేట నీటిని కుండలో మరిగించి పొటాష్ తీసేవారు. కుండ, బూడిద అనే రెండు మాటలు కలిసి ఆ పేరు వచ్చింది. 1807 అక్టోబరులో డేవీ కరిగిన పొటాష్ గుండా విద్యుత్తు పంపగా వెండిలా మెరిసే బొట్లు తేలాయి. నీటిలో పడితే భగ్గున మండాయి. అదే పొటాషియం లోహం. ఆ తర్వాత రైతుల కోసం వ్యవసాయ రసాయన శాస్త్రంపై తాను ఇచ్చిన ఉపన్యాసాలను 1813లో పుస్తకంగా తెచ్చారు.

పొటాషియం ఆకులలోని సన్నని రంధ్రాలను తెరిచి మూస్తూ మొక్కలో నీటిని కాపాడుతుంది. ఆకులో తయారైన చక్కెర గింజకు చేరడానికి తోడ్పడుతుంది. కాండం గట్టిపడి పైరు పడిపోదు. ఇది తక్కువైతే ముదురు ఆకుల అంచులు మాడిపోతాయి. పెరట్లో కూరగాయలు పెంచే మిత్రులకు ఒక మనవి. పొటాష్ ఉండేది కట్టెల బూడిదలో. బొగ్గు పొయ్యి బూడిదలో మొక్కకు అందేది అతి స్వల్పం.

25-5-1812న ఇంగ్లండులోని ఫెల్లింగ్ గనిలో గ్యాస్ పేలి 92 మంది మరణించారు. వారిలో పసి బాలురు కూడా ఉన్నారు. మూడేళ్ల తర్వాత డేవీ ఆ ప్రాంతానికి వెళ్లి, గని గ్యాస్‌ను పరీక్షించి, మంట చుట్టూ సన్నని ఇనుప జాలీ అమర్చారు. జాలీ వేడిని లాగేయడం వల్ల లోపలి మంట బయటి గ్యాస్‌ను అంటుకోదు. 1816 జనవరిలో ఆ దీపం గనిలో నెగ్గింది. ఆయన పేటెంటు తీసుకోలేదు. డబ్బు కోరకుండా కార్మికులకు వదిలేశారు. మన సర్దార్లు, ఓవర్‌మెన్లు ఆ జాతి దీపంతోనే ఒత్తి తగ్గించి, మంటపై నీలి టోపీ చూసి గ్యాస్ కనిపెట్టేవారు.

అయితే దీపం ఉన్నదన్న ధైర్యంతో యజమానులు గ్యాస్ ఎక్కువున్న పొరలలోకి మనుషులను దింపారు. జాలీ చిరిగినా, గాలి వేగం పెరిగినా మళ్లీ ప్రాణాలు పోయాయి. డేవీ 29-5-1829న జెనీవాలో కన్నుమూశారు.

పరికరం ఎంత మంచిదైనా గాలి సరఫరాకు, జాగ్రత్తకు బదులు కాదు. ఇప్పటికీ షిఫ్టుకు వెళ్లే మన పిల్లలకు, మనుమలకు ఈ మాట చెప్పవలసిన బాధ్యత పెద్దలమైన మనదే.