జిల్లెళ్ళమూడి అమ్మ: తోచింది చేసి, మిగతాది ఆయనకు వదిలేసి

ఆఫర్ లెటర్ వచ్చినా, పెళ్లి సంబంధం వచ్చినా మనలో చాలామంది దేవుడి ముందు చీటీలు వేస్తాం. అంతా ఆయనిష్టం అంటాం. రాత్రి మాత్రం నిద్ర పట్టదు. అందుకే ఈ వారం వీడియోకి బాపట్ల దగ్గరి జిల్లెళ్ళమూడి అమ్మ జీవితం తీసుకున్నాను.

అసలు పేరు అనసూయాదేవి. 1923లో మన్నవలో పుట్టారు. చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్నారు. 1936లో బాపట్లలో పెళ్లి. భర్త బ్రహ్మాండం నాగేశ్వరరావు గారు జిల్లెళ్ళమూడి కరణం. అమ్మ కాషాయం కట్టలేదు, సంసారం వదల్లేదు. జరిగేదంతా ఆ శక్తే జరిపిస్తోందని, మనకొచ్చే ఆలోచన కూడా అక్కణ్ణుంచే వస్తుందని ఆమె నమ్మకం.

మరి అలాంటప్పుడు మనం నిర్ణయించేదేముంది? నాకిది ఉత్త వేదాంతం కాదండీ. బెంగళూరు వెళ్లాలా, రేపల్లెలో ఇంట్లోవాళ్ల దగ్గరే ఉండి పనిచేయాలా అని నెల నుంచీ తేల్చుకోలేకపోతున్నా. అమ్మ మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఇంటింటా వంటకు ముందు పిడికెడు బియ్యం తీయించి పేదల కోసం దాచారు. 1958 ఆగస్టు 15న అన్నపూర్ణాలయం మొదలుపెట్టారు. కులం, మతం అడగకుండా ముందు అన్నం. ఎంతమంది వస్తారో తెలియకుండానే రోజూ ఎసరు పెట్టేవారు. (మా ప్రాజెక్ట్ ప్లానింగ్‌లో ఇది పాస్ అవ్వదు!) 1973లో ఆమె స్వర్ణోత్సవానికి ఆ చిన్న ఊళ్లో దాదాపు లక్షమంది భోంచేశారు.

1985 జూన్ 12న అమ్మ శరీరం విడిచారు. అన్నపూర్ణాలయంలో పొయ్యి ఆరలేదు. రేపల్లె వైపు వాళ్లు తెనాలిలో రైలు మారి బాపట్లలో దిగండి. భోజనం వేళకు చేరేలా చూసుకోండి.