జాన్ బెల్ – సెలవులో చేసిన లెక్క

క్వాంటమ్ కంప్యూటరు, క్వాంటమ్ టెక్నాలజీ అనే మాటలు ఇప్పుడు దినపత్రికల్లో కూడా తరచుగా కనబడుతున్నాయి. 2023లో కేంద్ర ప్రభుత్వం జాతీయ క్వాంటమ్ మిషన్‌కి 6,003 కోట్ల పైచిలుకు రూపాయలు ఆమోదించింది. 2025 నుంచి అమరావతి క్వాంటమ్ వ్యాలీ మాట వినని సైన్సు విద్యార్థి ఉండడు. ఈ హడావిడికి వెనకనున్న వాళ్ళలో ఒకాయన, అది తన అసలు ఉద్యోగం కాకపోయినా, సెలవు పెట్టిన ఏడాదిలో ఆరు పేజీల్లో ఒక లెక్క చేసి పెట్టాడు. ఆయనే జాన్ స్టీవర్ట్ బెల్. నేను చదివిన సిలబస్సులో ష్రోడింగర్ ఉన్నాడు, హైసన్‌బర్గ్ ఉన్నాడు, బెల్ మాత్రం లేడు. అందుకే ఈ వ్యాసం.

బెల్ 1928 జూలై 28న ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ నగరంలో జన్మించాడు. నలుగురు పిల్లల్లో రెండోవాడు. తండ్రి చిన్నప్పుడే బడి మానేసి రకరకాల పనులు చేసిన మనిషి. గుర్రాల బేరం కూడా చేశాడు. ఆ రోజుల్లో అక్కడ హైస్కూలు చదువు ఉచితం కాదు. పద్నాలుగేళ్ళు వస్తే పిల్లలు పనిలో చేరడం మామూలు. అందర్నీ చదివించే స్తోమత లేక జాన్ ఒక్కణ్ణి ఎట్లాగో డబ్బు సర్ది టెక్నికల్ హైస్కూలుకి పంపారు. మిగతా ముగ్గురూ పనుల్లోకి పోయారు. వ్యవసాయదారుల ఇళ్ళల్లో పుట్టిన మాబోటి వాళ్ళకి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. ఒకడి ఫీజు ఇంకొకడి చదువులోంచి వస్తుంది. మా ఇంట్లో పొలానికి పోయినవాడు మా అన్నయ్య.

పదహారేళ్ళకి స్కూలు చదువు ముగిసింది గాని యూనివర్సిటీలో చేరడానికి వయసు చాలలేదు. అప్పుడు బెల్ క్వీన్స్ యూనివర్సిటీ ఫిజిక్సు లేబరేటరీలో టెక్నీషియన్‌గా చేరాడు. అంటే వైర్లు కలపడం, విద్యార్థులకి పరికరాలు సర్దిపెట్టడం. కుర్రాడి తెలివి చూసి అక్కడి అధ్యాపకులు ఎమిలియస్, స్లోన్ పుస్తకాలు ఇచ్చారు, మొదటి సంవత్సరం క్లాసుల్లో కూర్చోనిచ్చారు. ఏడాది తిరిగేసరికి అదే లేబులో విద్యార్థి అయ్యాడు. 1948లో ప్రయోగ భౌతికంలోను, 1949లో గణిత భౌతికంలోను డిగ్రీలు పుచ్చుకున్నాడు.

క్వాంటమ్ పాఠం మొదలైన దగ్గర్నుంచీ ఆయనకి ఒక సందేహం పట్టుకుంది. ఒక కణం ఏ స్థితిలో ఉందో చెప్పే తరంగ ఫలం మనకి సంభావ్యతలే ఇస్తుంది. కొలిస్తే ఒక విలువ వస్తుంది. మరి కొలవక ముందు ఆ విలువ ఉన్నట్టా, లేనట్టా? 1935లో ఐన్‌స్టైన్, పొడోల్‌స్కీ, రోజెన్ ముగ్గురూ ఇదే ప్రశ్న వేశారు. ఒకచోట పుట్టి విడిపోయిన రెండు కణాల్లో ఒకదాన్ని కొలిస్తే ఎంతో దూరంలో ఉన్న రెండోదాని సంగతి తెలిసిపోతోందంటే, ఆ జవాబు ముందే దానిలో ఉండి ఉండాలి, సిద్ధాంతమే అసంపూర్ణం అని వాళ్ళ వాదం. ఆ బంధానికి ఎంటాంగిల్‌మెంట్, అంటే చిక్కుముడి పడటం అనే పేరు అదే ఏడాది ష్రోడింగర్ పెట్టాడు. పెద్దలు మాత్రం బోర్ అంతా తేల్చేశాడు, లెక్కలు చేసుకోండి చాలు అన్న ధోరణిలో ఉండేవారు. అట్లాంటి జవాబులు ముందే దాగి ఉండటం అసాధ్యమని వాన్ నాయ్‌మన్ 1932లోనే నిరూపించాడని చెప్పుకునేవారు. 1952లో డేవిడ్ బోమ్ ఆ అసాధ్యమన్న పనే చేసి చూపించాడు. అది చదివిన బెల్‌కి నిరూపణలోనే ఎక్కడో లొసుగు ఉందని తోచింది.

కానీ ఇల్లు గడవాలి కదా. బెల్ బ్రిటిష్ అణుశక్తి సంస్థలో చేరి కణాలకి వేగం పెంచే యంత్రాల రూపకల్పనలో పనిచేశాడు. అక్కడే మేరీ రాస్ అనే స్కాట్లండు శాస్త్రవేత్త పరిచయమై 1954లో పెళ్ళి చేసుకున్నారు. 1960లో ఇద్దరూ జెనీవాలోని సెర్న్‌కి మారారు. అక్కడ ఆయన ఉద్యోగం యంత్రాలు, కణ సిద్ధాంతం. పాత సందేహం తీరిక వేళలకి పరిమితమైంది.

1963-64లో ఏడాది సెలవు పెట్టి అమెరికా వెళ్ళాడు. ఆ లెక్క అప్పటిది. దాన్ని మన పరీక్షల భాషలో చెప్తాను. ఇద్దరు స్నేహితుల్ని దూరంగా వేర్వేరు హాళ్ళలో కూర్చోబెట్టారు. ఉన్నవి మూడే ప్రశ్నలు, జవాబు అవును లేదా కాదు. ఒక్కొక్కరికి ఏదో ఒక ప్రశ్న ఇస్తారు. ఇద్దరికీ ఒకే ప్రశ్న వచ్చినప్పుడల్లా జవాబు కలుస్తోంది. మనం ఏమంటాం? ముందే కూడబలుక్కున్నారు, జేబుల్లో చీటీలున్నాయి అంటాం. ఐన్‌స్టైన్ అన్నదీ దాదాపు ఇదే. సరే, చీటీ ఉందనుకుందాం. మూడు ప్రశ్నలకి రెండు రకాల జవాబులే కాబట్టి, చీటీ ఎట్లా రాసినా కనీసం రెండు జవాబులు ఒకటి కాక తప్పదు. అందువల్ల వేర్వేరు ప్రశ్నలు వచ్చినప్పుడు కూడా నూటికి 33 సార్లకి తగ్గకుండా జవాబులు కలవాలి. ఇప్పుడు స్నేహితుల బదులు చిక్కుముడి పడిన రెండు ఫోటాన్లు, ప్రశ్నల బదులు 0, 60, 120 డిగ్రీలకి తిప్పిన పోలరాయిడ్లు పెట్టండి. కోణం ఒకటే అయితే జవాబు ఎప్పుడూ కలుస్తుంది. కోణాలు వేరైతే క్వాంటమ్ సిద్ధాంతం ఇచ్చేది కాస్ స్క్వేర్ 60, అంటే నూటికి 25. హాళ్ళ మధ్య కబురు పోనంతవరకు ఏ చీటీతోనూ 25 రాదు. (బెల్ చేసిన రూపం దీనికంటే కఠినం, ఈ సులువు తర్వాతి వాళ్ళది.)

ముప్పై ఏళ్ళుగా తత్త్వవిచారంగా మిగిలిన తగువు దీంతో లేబులో తేల్చదగిన ప్రశ్న అయింది. బెల్ మనసు ఐన్‌స్టైన్ పక్షానే ఉండేది. లెక్క మాత్రం ఆ పక్షానికి ఉరి బిగించేదిగా వచ్చింది. దాన్ని అట్లాగే రాశాడు.

అచ్చు కథ మరీ విచిత్రం. పేరున్న అమెరికా పత్రికలు పేజీకింత అని రుసుము అడిగేవి. అతిథిగా వచ్చినవాడు ఆ ఖర్చు పెట్టుకొమ్మని అడగడం బాగుండదని, రుసుము లేని ఒక కొత్త పత్రికకి పంపాడు. అది 1964లో అచ్చయింది, ఆ పత్రిక నాలుగేళ్ళకే ఆగిపోయింది. వాన్ నాయ్‌మన్ నిరూపణలోని లొసుగు చూపిన వ్యాసం దీనికంటే ముందు రాసింది; సంపాదకుల ఆఫీసులో కాగితాలు తారుమారై అది 1966లో గాని బయటికి రాలేదు. కొన్నేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకున్న మొదటివాళ్ళలో జాన్ క్లౌజర్ ఒకడు. పెద్దలు వద్దన్నా వినకుండా 1972లో బర్క్‌లీలో ఫ్రీడ్‌మన్‌తో కలిసి కాల్షియం పరమాణువుల కాంతితో కొలిచాడు. క్వాంటమ్ సిద్ధాంతం ఓడుతుందని ఆయన ఆశ, అదే గెలిచింది. ఇంత చేసినా ఆయనకి ప్రొఫెసర్ ఉద్యోగం దొరకలేదు. ఈ సంగతి బెల్‌కి బాగా తెలుసు. 1975లో ఫ్రాన్సు నుంచి అలెన్ ఆస్పె అనే యువకుడు ఇంకా మంచి ప్రయోగం చేస్తానని జెనీవా వస్తే, బెల్ మొదట అడిగింది పర్మనెంటు ఉద్యోగం ఉందా అని. ఉందని తెలిశాకే ప్రోత్సహించాడు. నేను ఇది చదివి కొంతసేపు పుస్తకం మూసేశాను. ఆస్పె ప్రయోగాలు 1982లో అదే తీర్పు చెప్పాయి.

బెల్ కుర్రతనం నుంచీ శాకాహారి. హాస్యప్రియుడు కూడా. సెర్న్‌లో బెర్ట్‌ల్‌మన్ అనే సహచరుడు రెండు కాళ్ళకీ వేర్వేరు రంగుల మేజోళ్ళు వేసుకొచ్చేవాడు. ఒక కాలు చూస్తే రెండోది ఆ రంగు కాదని తెలిసిపోతుంది. అందులో వింతేం లేదు, ఫోటాన్ల సంగతి అట్లాంటిది కాదు అని ఆ మేజోళ్ళ పేరుతోనే 1981లో వ్యాసం రాశాడు.

1990 అక్టోబరు 1న మెదడులో రక్తస్రావంతో బెల్ మరణించాడు. అప్పటికి 62 ఏళ్ళు. మరుసటి ఏడాదే ఆర్టుర్ ఎకర్ట్ ఆ లెక్కతో రహస్య సమాచారాన్ని కాపాడవచ్చని చూపాడు: మధ్యలో ఎవడైనా తొంగి చూస్తే చిక్కుముడి సడలి అంకెలు చీటీల లెక్కలోకి జారతాయి, దొంగ దొరికిపోతాడు. 2015లో డెల్ఫ్ట్‌లో 1.3 కిలోమీటర్ల ఎడంలో పెట్టిన రెండు వజ్రాలతో పాత ప్రయోగాల లోటుపాట్లు మూసేశారు. 2017లో చైనా ఉపగ్రహం నుంచి 1,200 కిలోమీటర్ల దూరానికి ఫోటాన్ జంటల్ని పంచారు. 2022 నోబెల్ బహుమతి ఆస్పె, క్లౌజర్, జైలింగర్‌లకి వచ్చింది. చనిపోయిన వాళ్ళకి ఆ బహుమతి ఇవ్వరు.

2015లో బెల్‌ఫాస్ట్‌లో ఒక వీధికి ఆయన పేరు పెట్టాలనుకున్నారు. అక్కడ వీధులకి మనుషుల పేర్లు పెట్టే అలవాటు లేదట. అందుకని సిద్ధాంతం పేరు పెట్టారు: బెల్స్ థియరమ్ క్రెసెంట్.