కొండ మీద తొమ్మిదింటి జెండా

డాల్ఫిన్స్ నోస్ ఎక్కేది దేనికి? వ్యూ కోసం. 1957లో కట్టిన లైట్‌హౌస్, కింద సముద్రం, ఆ పక్కన హార్బర్‌లోకి వచ్చే ఓడలు. నాలుగు ఫొటోలు దిగి కిందికొచ్చేస్తాం. నాకు మాత్రం ఆ కొండ అనగానే గోడే వెంకట జగ్గారావు గారు గుర్తొస్తారు.

ఆయన 1817లో విశాఖ జమీందారీ కుటుంబంలో పుట్టారు. ఆస్తికి లోటు లేదు. అయినా మద్రాసు వెళ్లి, అక్కడి అబ్జర్వేటరీలో టి.జి. టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకున్నారు. తిరిగొచ్చి 1840లో, డాబా గార్డెన్స్‌లోని తన ఇంటి దగ్గరే సొంత డబ్బుతో అబ్జర్వేటరీ పెట్టారు. అవును, మనం రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునే డాబా గార్డెన్సే!

ఆకాశం చూసి ఆనందించి ఊరుకుంటే అది ఆయన సొంత సరదా అయ్యేది. కానీ ఆయన డాల్ఫిన్స్ నోస్ మీద ఒక జెండా స్తంభం వేయించారు. ఉదయం సరిగ్గా 9 గంటలైందని ఊరందరికీ తెలియజేయడానికి.

ఇందులో ఏముంది అనిపిస్తుందా? చిన్న లెక్క చూడండి. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, అంటే 4 నిమిషాలకి ఒక డిగ్రీ. నడిసముద్రంలో ఓడ రేఖాంశం తెలియాలంటే గడియారం కరెక్టుగా ఉండాలి. ఒక్క నిమిషం తేడా వస్తే, మన విశాఖ అక్షాంశం దగ్గర దాదాపు 26 కిలోమీటర్ల తేడా! జీపీఎస్ లేదు, రేడియో లేదు. మన పోర్టు కూడా 1933లో గానీ మొదలవ్వలేదు. అలాంటి రోజుల్లో నమ్మదగ్గ టైమ్ ఒక్కటి దొరికినా గొప్పే. అది దూరానికి కూడా కనబడాలంటే కొండకి మించిన చోటేది?

జగ్గారావు గారు 1856లో పోయారు. అప్పటికి 39 ఏళ్లే. అబ్జర్వేటరీని అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు గారు నడిపించారు. 1871లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలో అయ్యారు, 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం విశాఖ నుంచే పరిశీలించారు.

మామగారికి అలాంటి బిరుదులేవీ వచ్చినట్టు నేనెక్కడా చదవలేదు. కానీ తనకి తెలిసిన శాస్త్రాన్ని, టెలిస్కోప్ ముఖమే చూడని వాళ్లకి కూడా రోజూ పనికొచ్చేలా చేశారు. ఇంజినీరింగ్ అంటే అదే కదా!