అపర అన్నపూర్ణ డొక్కా సీతమ్మ గారు

ఈసారి మన గోడపత్రికలో యుద్ధం చేసిన వీరుల గురించి కాకుండా, బతుకంతా పొయ్యి దగ్గర గడిపిన ఒక అవ్వ గురించి రాస్తున్నాం. ఆమె పేరు డొక్కా సీతమ్మ గారు. గోదావరి జిల్లాల్లో ఎవరైనా వేళ కాని వేళ వచ్చినవాళ్ళకి అన్నం పెడితే, సీతమ్మ తల్లిలాగ పెట్టారు అంటారు. ఆమె చనిపోయి నూరేళ్ళు దాటిపోయింది, అయినా ఆ మాట పోలేదు.

సీతమ్మ గారు 1841 అక్టోబరులో మండపేటలో పుట్టారు. తండ్రి పేరు భవానీశంకరం గారు, తల్లి నరసమ్మ గారు. కాని తండ్రిని ఊళ్ళో ఎవరూ అసలు పేరుతో పిలిచేవాళ్ళు కాదు, బువ్వన్న అనేవాళ్ళు. అడిగినవాళ్ళకి లేదనకుండా బువ్వ పెట్టేవారు, అందుకని ఆ పేరు వచ్చింది. తల్లి చిన్నప్పుడే పోవడంతో ఇంటి పనంతా ఆ పిల్ల మీదే పడింది. ఆ రోజుల్లో ఆడపిల్లల్ని బడికి పంపేవాళ్ళు కాదు. వచ్చినవాళ్ళకి కాళ్ళకి నీళ్ళివ్వడం, ఆకు వెయ్యడం, వడ్డించడం, ఇదే ఆమె చదువు.

లంకల గన్నవరం అనే ఊళ్ళో డొక్కా జోగన్న గారని ఒక కలిగిన రైతు ఉండేవారు. ఆయన మండపేటలో పండితుల సభకి వచ్చి, తిరిగి వెళ్తూ భోజనం వేళకి బువ్వన్న గారింట్లో ఆగారట. ఆ చిన్నపిల్ల మర్యాద చూసి, మా ఇంటికి తగిన పిల్ల అనుకుని పెళ్ళి చేసుకున్నారట. అలా సీతమ్మ గారు లంకల గన్నవరం కోడలు అయ్యారు.

ఇక్కడ ఆ ఊరు ఎక్కడుందో చెప్పాలి. పాపికొండల మధ్యనుంచి దిగిన గోదావరి ధవళేశ్వరం దగ్గర గౌతమి, వశిష్ఠ అని చీలుతుంది. వశిష్ఠలోంచి మళ్ళీ వైనతేయ అని ఇంకో పాయ వెళ్తుంది. ఆ వైనతేయ ఒడ్డునే లంకల గన్నవరం. లంక అంటే ఏటి మధ్య మట్టి మేటవేసి లేచిన దిబ్బ. కొండల్లో ఉండే మనకి వాగులు అడ్డం వచ్చినట్టే అక్కడివాళ్ళకి పాయలు అడ్డం. అప్పట్లో వంతెనలు లేవు. పడవ కోసం ఒడ్డున కూర్చోవాలి. గాలి పెరిగితే పడవ కదలదు, చీకటి పడితే అసలే కదలదు. హోటళ్ళు లేవు. పిల్లల్ని చంకనేసుకుని వచ్చినవాళ్ళు ఆకలితో ఎక్కడికి పోతారు? సీతమ్మ గారి ఇంటికి వచ్చేవాళ్ళు. పొద్దున్న అయినా, అర్ధరాత్రి అయినా పొయ్యి వెలిగించేవారు. నీది ఏ కులం అని అడక్కుండా పెట్టారని చెప్పుకుంటారు. అంటరానితనం అంత గట్టిగా ఉన్న కాలంలో ఇది చిన్న సంగతి కాదు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఆ డెల్టాలో కాలవల కింద వరి బాగా పండింది. అందుచేత ఆ ఇంట్లో ధాన్యానికి లోటు లేకపోయి ఉండొచ్చు. కాని ధాన్యం ఉంటే అన్నం అయిపోదు కదా. దంచాలి, చెరగాలి, నీళ్ళు తేవాలి, కట్టెలు ఎండబెట్టాలి, గంజి వార్చాలి. అడవిలో అడ్డాకులు కోసి విస్తళ్ళు కుట్టే మన అమ్మలకి తెలుసు, నూరుమంది తినాలంటే నూరు విస్తళ్ళూ ఎవరో ఒకరు కూర్చుని కుట్టాల్సిందే. ఒకరోజు అంటే ఎవరైనా చేస్తారు. సీతమ్మ గారు ఏళ్ళ తరబడి చేశారు. ఆమె పక్కన వడ్లు దంచినవాళ్ళూ, నీళ్ళు మోసినవాళ్ళూ కూడా ఉండే ఉంటారు. వాళ్ళ పేర్లు మాత్రం ఈ కథల్లో ఎక్కడా వినపడవు.

ఆమె గురించి చెప్పే కథల్లో అంతర్వేది కథ అన్నిటికంటే బాగుంటుంది. పొయ్యి వదిలి ఎక్కడికీ వెళ్ళని సీతమ్మ గారికి ఒక్కసారి అంతర్వేది నరసింహస్వామిని చూడాలని కోరిక పుట్టింది. పల్లకీ ఎక్కి బయలుదేరారు. దారిలో ఒకచోట బోయీలు అలుపు తీర్చుకుంటుంటే, ఎదురుగా వస్తున్న వాళ్ళు కొందరు అక్కడే ఆగారు. వాళ్ళ పిల్లలు ఆకలి అని ఏడుస్తున్నారు. ఇంకాస్త ఓపిక పట్టండి, గన్నవరం వెళ్తే సీతమ్మ గారు అన్నం పెడతారని పెద్దవాళ్ళు సముదాయిస్తున్నారు. ఆ మాట పల్లకీలో ఉన్న ఆమె చెవిన పడింది. స్వామి దర్శనం మానేసి పల్లకీ వెనక్కి తిప్పించి, వాళ్ళకంటే ముందే ఇల్లు చేరి వంట మొదలుపెట్టారట. దేవుడి దగ్గరికి రేపైనా వెళ్ళొచ్చు, పిల్లల ఆకలి రేపటిదాకా ఆగదు అని ఆమె లెక్క కాబోలు.

వరదల్లో లంక మీద చిక్కుకుపోయిన మనిషి ఆకలి కేకలు విని పడవలో అన్నం పంపించారని ఇంకో కథ ఉంది. పిఠాపురం రాజా గారు భూములు ఇస్తానంటే వద్దన్నారని కూడా చెప్తారు. ఇచ్చి ఇచ్చి సొంత ఆస్తి కరిగిపోతున్నా ఆమె చెయ్యి మాత్రం ఆగలేదట.

ఆమె పేరు ఇంగ్లీషు ప్రభువుల దాకా వెళ్ళింది. ఏడవ ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవానికి ఆమెను ఆహ్వానించారని, ఆమె రానన్నారని చెబుతారు. నేను వెళ్తే ఇక్కడ వచ్చినవాళ్ళకి ఎవరు పెడతారు అన్నది ఆమె ప్రశ్న. అప్పుడు కనీసం ఫోటో అయినా తీసి పంపమని కలెక్టరుకి పైనుంచి ఉత్తరువు వచ్చింది. దానికీ ఆమె ఒప్పుకోలేదు, అన్నం పెట్టినందుకు ఫోటో ఎందుకన్నారు. ఫోటో లేకుండా వెళ్తే తన ఉద్యోగానికే ముప్పు అని కలెక్టరు బతిమాలితే, అతని కోసం చివరికి ఒప్పుకున్నారట. ఆ ఫోటోని ఉత్సవంలో ఒక కుర్చీలో పెట్టి గౌరవించారని అక్కడివాళ్ళు ఇప్పటికీ గొప్పగా చెప్తారు. మాకైతే ఆ కుర్చీ కంటే, ఎవరో ఉద్యోగం పోగొట్టుకోకూడదని ఆమె ఫోటోకి కూర్చోవడమే నచ్చింది.

సీతమ్మ గారు 1909 ఏప్రిల్ 28న కన్నుమూశారు.

2024లో మన రాష్ట్ర ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు పెట్టింది. అంతకుముందే ఆమె ఊరి దగ్గర ఇంకోటి జరిగింది. గన్నవరంలో వైనతేయ పాయ మీదుగా కాలవ నీళ్ళు అవతలి గట్టుకి దాటించడానికి ఆంగ్లేయుల కాలంలోనే కమానుల అక్విడెక్టు కట్టారు. కింద ఏరు, పైన కాలవ! అది పాతబడిపోతే పక్కనే కొత్తది కట్టి, 2000వ సంవత్సరంలో దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. దాని మీదుగా దాటిన నీళ్ళే అవతల లంకల్లో వరిచేలకి వెళ్తాయి.