షోలవరం రన్‌వే నుంచి ఫార్ములా మారుతి దాకా: కరివర్ధన్ వేసిన దారి

చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే జాతీయ రహదారి మీద, నగరం దాటి నెల్లూరు వైపు వస్తుంటే షోలవరం తగులుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడ విమానాల కోసం రన్‌వే వేశారు. యుద్ధం ముగిశాక దాని మీద కార్లు, మోటార్‌సైకిళ్లు పరుగు తీశాయి. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1980ల చివరి దాకా అక్కడ పోటీలు నడిపింది. ఇప్పుడు ఆ ట్రాక్ జ్ఞాపకాల్లోనే ఉంది. కానీ అక్కడ పోటీ పడిన ఒక కోయంబత్తూరు తెలుగువాడు చేసిన పని నేటికీ నిలిచి ఉంది. ఆయన పేరు ఎస్. కరివర్ధన్. రేసింగ్ లోకం ఆయన్ను ‘కరి’ అని పిలుచుకుంది.

కరివర్ధన్ 1954లో పుట్టారు. ఆయనది లక్ష్మీ మిల్స్ కుటుంబం. జి. కుప్పుస్వామి నాయుడు 1910లో నెలకొల్పిన ఈ సంస్థ కోయంబత్తూరును బట్టల మిల్లుల నగరంగా మార్చినవాటిలో ఒకటి. శతాబ్దాల కిందట తెలుగు నేల నుంచి వలస వెళ్లి, ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూనే అక్కడ స్థిరపడిన నాయుడు కుటుంబాలు ఆ ఊరి పరిశ్రమలకు పునాది వేశాయి. మిల్లులుంటే వాటి యంత్రాలకు మరమ్మతులు కావాలి. అలా ఫౌండ్రీలు, లేత్ వర్క్‌షాపులు, మోటార్లు, పంపుసెట్ల తయారీ పెరిగాయి. ఏ విడిభాగం కావాలన్నా గీసి ఇస్తే చేసిపెట్టే పనివాళ్లు ఊళ్లోనే దొరికేవారు. కరి రేసు కార్ల పనికి ఈ వాతావరణమే అండ.

యుద్ధకాలపు రన్‌వేలు రేస్ ట్రాక్‌లు కావడం మన దేశానికే పరిమితం కాదు. బ్రిటన్‌లో సిల్వర్‌స్టోన్, అమెరికాలో సెబ్రింగ్ కూడా అలా పుట్టినవే. అవి శాశ్వత సర్క్యూట్లుగా స్థిరపడి ఇప్పటికీ నడుస్తున్నాయి. కోల్‌కతా సమీపంలోని బారక్‌పూర్, చెన్నై సమీపంలోని షోలవరం మాత్రం రేసుల రోజుల్లో సర్క్యూట్లు, మిగతా రోజుల్లో ఖాళీ రన్‌వేలు. అయినా షోలవరంలో ఏటా జరిగే పోటీలకు జనం వేలాదిగా తరలివచ్చేవారు. దక్షిణాదిలో రెండు తరాలకు కారు రేసు అంటే షోలవరమే.

1970ల్లో, 80ల్లో కరి అక్కడ పోటీ పడ్డారు. అప్పటి రేసింగ్‌కు ఒక పెద్ద లోపం ఉండేది. డబ్బున్న కొద్దిమంది విదేశాల నుంచి అసలు సిసలు రేసు కార్లు తెప్పించుకునేవారు. విజయ్ మాల్యా ఒక పాత ఫార్ములా వన్ కారుతోనే షోలవరంలో దిగారు. మిగతావారు ఫియట్, హెరాల్డ్ లాంటి రోడ్డు కార్లను విప్పి, బరువు తగ్గించి, ఇంజిన్లకు మెరుగులు దిద్ది తెచ్చేవారు. ఇలాంటి పోటీలో ఎవరి చేతిలో నైపుణ్యం ఉందో, ఎవరి జేబులో సత్తా ఉందో విడదీసి చూడటం కష్టం. కొత్త కుర్రాడు తన ప్రతిభను నిరూపించుకోవడానికి దారే లేదు.

కరి ధనవంతుడు. ఆ లోపం వల్ల ఆయనకు వచ్చిన నష్టం లేదు. అయినా దాన్ని సరిచేసే పని నెత్తికెత్తుకున్నారు. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. దాని 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్ చిన్నది, తేలికైనది, నమ్మకమైనది. కొద్ది ఏళ్లలోనే దాని విడిభాగాలు, మెకానిక్‌లు ఊరూరా దొరకసాగాయి. ఆ ఇంజిన్‌ను డ్రైవర్ వెనక అమర్చి, ఒక్కరే కూర్చునే చిన్న రేసు కారును కరి 1980ల చివర్లో రూపొందించారు. అదే ఫార్ములా మారుతి. ఐరోపా కార్ల వేగం దానికి లేదు. కానీ అందరి కింద ఉన్నది ఒకే రకం బండి, అందరి వెనక ఉన్నది ఒకే ఇంజిన్. కాబట్టి మలుపులో ఎవరు ఎక్కడ బ్రేకు వేశారు, ఎవరు గీత తప్పారు అన్నదే గెలుపోటములను తేల్చేది.

ఈలోగా క్లబ్ శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ నిర్మించుకుంది. 1990లో అది మొదలయ్యాక షోలవరం శకం ముగిసింది. కొత్త ట్రాక్ మీద తొలి అడుగులు వేసినవారికి కరి కార్లే బడి అయ్యాయి. కోయంబత్తూరులో పెరిగిన నారాయణ్ కార్తికేయన్ తొలి రేసు నడిపింది ఫార్ములా మారుతిలోనే. 1994లో అతడు బ్రిటన్‌లో ఫార్ములా ఫోర్డ్ శీతాకాల సిరీస్ గెలిచి, ఐరోపాలో ఛాంపియన్‌షిప్ సాధించిన తొలి భారతీయుడయ్యాడు.

ఆ మరుసటి ఏడాది, 1995 ఆగస్టులో, కరి విమాన ప్రమాదంలో మరణించారు. అప్పటికి ఆయన వయసు 41 ఏళ్లు. సరిగ్గా పదేళ్లకు, 2005లో, నారాయణ్ ఫార్ములా వన్‌లో పోటీ చేసిన తొలి భారతీయుడిగా చరిత్రకెక్కాడు. తర్వాత ఫార్ములా వన్ చేరిన కరుణ్ చంధోక్ కూడా ఫార్ములా మారుతిలో నేర్చుకున్నవాడే. ఆ రోజులు చూడటానికి కరి లేరు.

2003లో కోయంబత్తూరు శివారు చెట్టిపాళయంలో ప్రారంభమైన ట్రాక్‌కు కరి మోటార్ స్పీడ్‌వే అని పేరు పెట్టారు. మాజీ ఛాంపియన్ బి. విజయ్‌కుమార్ తొలుత అక్కడ తేలికపాటి విమానాల కోసం రన్‌వే తలపెట్టారు. అది రేస్ ట్రాక్‌గా మారింది. జాతీయ ఛాంపియన్‌షిప్ పోటీలు అక్కడ జరుగుతుంటాయి.

గ్రేటర్ నోయిడాలో భారీ ఖర్చుతో కట్టిన బుద్ధ్ సర్క్యూట్‌లో ఫార్ములా వన్ 2011 నుంచి 2013 వరకు మూడేళ్లే సాగింది. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023లో ఫార్ములా ఈ ఒక్కసారి మెరిసి, మరుసటి ఏడాదే రద్దయింది. ఆ రెండు చోట్లా ప్రపంచస్థాయి వేదిక వచ్చింది, పోయింది. కరి మొదలుపెట్టిన పని వేదికతో కాదు, కుర్రాళ్లు నేర్చుకునే బండితో. రేసింగ్ నేటికీ సామాన్యుడికి అందుబాటులోకి రాలేదు. వచ్చిన కాస్త దూరం వెనక మాత్రం ఆ చిన్న మూడు సిలిండర్ల ఇంజిన్ ఉంది.